వసతిగృహంలో వారానికో కళల పూట: ఇంటర్ విద్యార్థుల మనసుకు ఆసరాగా నడిపే విధానం

ఇంటర్మీడియట్ చదువుతూ కళాశాల వసతిగృహంలో ఉండే పిల్లల రోజు తెల్లవారకముందే స్టడీ అవర్‌తో మొదలై, రాత్రి మరో స్టడీ అవర్‌తో ముగుస్తుంది. మధ్యలో వాళ్లు చేసే దాదాపు ప్రతి పనికీ ఒక మార్కు ఉంటుంది, వారాంతపు పరీక్షకు ఒక ర్యాంకు ఉంటుంది, చాలాచోట్ల ఆ ర్యాంకును బట్టి సెక్షన్ కూడా మారిపోతుంది. ఇల్లు విడిచి వచ్చిన పదహారేళ్ల పిల్లకో పిల్లవాడికో రాత్రి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, పుస్తకం ముందు కూర్చుంటే గుండె దడదడలాడినా ఆ సంగతి చెప్పుకోవడానికి ఆ దినచర్యలో జాగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే అరవై మంది కూర్చునే ఒక సెక్షన్‌లో అలాంటివారు ఎనిమిది మంది దాకా ఉండవచ్చు. వారిలో చాలామంది నోరు తెరిచి సాయం అడగరు.

అటువంటి చోట వారానికి ఒక పూట పాట, ముగ్గు, మట్టి, రాత, నాటకం వంటి పనులకు కేటాయించి, పిల్లలకు కాస్త ఊపిరి తీసుకునే వెసులుబాటు ఎలా కల్పించవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. అధ్యాపకులు, వార్డెన్లు, కళాశాల కౌన్సెలర్లు, చుట్టుపక్కల ఉన్న కళాకారులు ఎవరైనా దీన్ని చేపట్టవచ్చు. అయితే నా దృష్టిలో ఈ పని మొత్తం ఒక్క నియమం మీద ఆధారపడి ఉంది: ఆ పూట పిల్లలు చేసినదానికి మార్కు, బహుమతి, పోలిక ఏవీ ఉండకూడదు. చిత్రలేఖనం పోటీలూ కాలేజీ డే ప్రదర్శనలూ ఇప్పటికే ఉన్నాయి. అవి చేయి తిరిగిన నలుగురికి సంతోషాన్నిస్తాయి, తక్కిన వారికి తాము వెనుకబడిన పట్టికలో ఇంకొక వరుసను చేరుస్తాయి. మనం చేయబోయేది ఆ పట్టిక బయట ఉండాలి.

ఇది చికిత్స కాదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఆర్ట్ థెరపీ, డ్రామా థెరపీ అనేవి ప్రత్యేక శిక్షణ పొందినవారు చేసే వృత్తులు. ఆ పేర్లను నోటీసు బోర్డు మీద పెట్టకూడదు, తల్లిదండ్రులకు ఆ మాట చెప్పకూడదు. “కళల పూట” అంటే చాలు. అది కుంగుబాటును నయం చేయదు. ఒంటరితనాన్ని కొంత తగ్గిస్తుంది, బిగుసుకుపోయిన మనసుకు కొంత సడలింపునిస్తుంది, సాయం అవసరమైన పిల్లలకు ఒక నమ్మకమైన పెద్దమనిషి దగ్గర మాట్లాడే చనువునిస్తుంది. ఇంతకంటే ఎక్కువ వాగ్దానం చేయడం పిల్లలకు ప్రమాదం.

యాజమాన్యాన్ని ఒప్పించడం

“సిలబస్ పూర్తి కావాలి, ఈ పాటలూ ఆటలూ ఎందుకు” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి విసుక్కోకుండా, రెండు విషయాలు కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. మొదటిది, 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించవలసిన మార్గదర్శకాలను న్యాయస్థానం నిర్దేశించింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలనీ, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించాలనీ, సహాయ ఫోను నంబర్లను వసతిగృహాల్లోనూ తరగతుల్లోనూ పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలనీ అందులో ఉంది. క్రీడలకూ కళలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే తీర్పు చెప్పింది. కాబట్టి మీరు అడుగుతున్నది దయాదాక్షిణ్యం కాదు, సంస్థ ఎలాగూ చేయవలసిన పనిలో ఒక భాగం.

రెండవది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో వెలువరించిన నివేదిక. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన మూడు వేలకు పైగా అధ్యయనాలను అది సమీక్షించి, వ్యాధులు రాకుండా చూసుకోవడంలోనూ చికిత్సకు తోడుగానూ కళలు ఉపయోగపడతాయని తేల్చింది. ఈ రెండూ చూపించి, వారానికి డెబ్బై ఐదు నిమిషాలు, ఒక గది, ఇద్దరు పెద్దలు అడగండి. ఆ వేళను టెస్టు కోసమో రివిజన్ కోసమో రద్దు చేయబోమని మాట తీసుకోండి. వారం విడిచి వారం జరిగే కళల పూట వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. వస్తుందని నమ్మి ఎదురుచూడగలగడమే పిల్లలకు సగం ఊరట.

గది, వేళ, మనుషులు

ఒక బృందంలో పన్నెండు నుంచి పదిహేను మంది మించకుండా చూసుకోండి. అంతకంటే ఎక్కువైతే మౌనంగా ఉండే పిల్లలు కనబడకుండా పోతారు. చేరడం పూర్తిగా వాళ్ల ఇష్టం కావాలి. “డల్‌గా ఉన్న” పిల్లలను ఏరి పంపమని లెక్చరర్లను ఎన్నడూ అడగకండి. ఆ గదిలోకి వెళ్లడమే ఒక ముద్ర అయిపోయిన మరుక్షణం అసలు అవసరమున్నవారు రావడం మానేస్తారు. బాగా చదివేవారు, అల్లరి చేసేవారు, ఊరికే కాలక్షేపానికి వచ్చేవారు అందరూ కలిసి ఉంటేనే మంచిది.

నడిపే ఇద్దరిలో ఒకరైనా ఆ పిల్లలకు పాఠం చెప్పనివారు, మార్కులు వేయనివారు అయి ఉండాలి. అమ్మాయిల బృందంలో ఒక మహిళ తప్పనిసరి. ఇద్దరు ఎందుకంటే, ఎవరైనా ఏడుస్తూ బయటికి వెళితే ఒకరు వెంట వెళ్లాలి, ఇంకొకరు గదిలో ఉండాలి. వేళ విషయానికి వస్తే, వారాంతపు పరీక్ష అయిన సాయంత్రం అనువైనది. పరీక్షకు ముందు రాత్రి ఎంతమాత్రం వద్దు. బెంచీలు తీసేసి చాపలు పరచండి. తలుపు మూసి ఉండాలి కానీ గడియ వేయకూడదు.

సామగ్రికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పాత రికార్డు పుస్తకాల్లో మిగిలిన ఖాళీ కాగితాలు, ఆయిల్ పాస్టెళ్లు, స్కెచ్ పెన్నులు, పాత వారపత్రికలు, కత్తెరలు, జిగురు, కుమ్మరి దగ్గర తెచ్చిన బంకమట్టి, తడిగుడ్డలు, చిడతలు ఉంటే సరిపోతుంది. ఖరీదైన కాన్వాసు, మంచి డ్రాయింగు షీట్లు తెస్తే పిల్లలు పాడుచేస్తామేమోనని భయపడతారు. తప్పు గీసినా చించి పారేయగల కాగితమే వాళ్ల చేతికి ధైర్యం ఇస్తుంది. ఒక్కొక్కరికి ఒక అట్ట ఫైలు ఇచ్చి, అన్నిటినీ తాళం వేసే బీరువాలో పెట్టండి. ఆ తాళంచెవి నడిపేవారి దగ్గరే ఉండాలి.

మొదటి పూట చెప్పవలసిన మాటలు

మొదటి రోజే పిల్లలకు నాలుగు విషయాలు తేటగా చెప్పాలి. ఇక్కడ బాగా గీయడం, బాగా పాడటం అన్న ప్రశ్న లేదు. చేయాలనిపించకపోతే ఊరికే కూర్చోవచ్చు. తోటివారి బొమ్మ గురించిగానీ రాత గురించిగానీ గది బయట మాట్లాడకూడదు, ఫొటో తీయకూడదు. నాలుగోది గోప్యతకు సంబంధించినది. ఇందులో తొట్రుపాటు ఉండకూడదు. “మీరు ఇక్కడ చెప్పింది మీ లెక్చరర్లకూ ప్రిన్సిపాల్ గారికీ చెప్పను. కానీ మీ ప్రాణానికి ముప్పు ఉందనిపించినా, మిమ్మల్ని ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా దాచి ఉంచను. అప్పుడు ఎవరికి చెప్పబోతున్నానో ముందు మీకే చెప్పి, మీ పక్కన ఉండి చెబుతాను.” ఈ మాటలను దాదాపు ఇలాగే చెప్పండి. ఏ పిల్లకైనా “ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి” అని అడిగే అవకాశం రాకముందే ఈ హద్దు తెలిసి ఉండాలి.

మొదటి మూడు నాలుగు వారాలు తాళంతో, పాటతో సాగనివ్వండి. దీనికి కారణం ఉంది. బ్రిటన్‌లో వయోజనుల తరగతుల మీద జరిగి 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కలిసి పాడినవారి మధ్య చనువు చేతిపనుల తరగతుల్లో, రచనా తరగతుల్లో కూర్చున్నవారికంటే త్వరగా కుదిరింది. ఏడు నెలలు గడిచేసరికి మిగిలినవారూ ఆ స్థాయికి చేరుకున్నారు. ఒకరి పేరు ఒకరికి తెలియని పిల్లలను మొదటి రోజే “మనసులో ఉన్నది రాయండి” అంటే వాళ్లు బిగుసుకుపోతారు. చెక్కభజనలో అలా కాదు. గురువు ఒక చిన్న దరువు వేస్తే అందరూ అందుకుంటారు, నెమ్మదిగా మొదలై వేగం పెరుగుతుంది, ఎవరైనా తప్పినా దరువు ఆగదు, తప్పినవారు మళ్లీ వచ్చి కలుస్తారు. కోలాటం కూడా అంతే. చిడతలు లేకపోతే చప్పట్లు, తొడమీద చరుపులు చాలు. దగ్గర్లోని పల్లెలో చెక్కభజన గురువో డప్పు కళాకారుడో ఉంటే పిలిపించి, వారికి తగిన పారితోషికం ఇప్పించండి. మన జిల్లాల్లో ఇటువంటివారు లేని మండలం అరుదు, వారిని ఉచితంగా పిలవడం మర్యాద కాదు.

ముగ్గు, మట్టి

చేతికి పని చెప్పే కళలతో రెండో దశ మొదలుపెట్టండి. నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది చుక్కల ముగ్గు. తొమ్మిది చుక్కలు పెట్టి, ఐదు వచ్చేవరకు రెండు వైపులా సందు చుక్కలు వేయమనండి. అబ్బాయిల బృందమైతే “ఇది ఆడపిల్లల పని” అంటారు. వాదించకుండా పెన్సిలూ కాగితమూ ఇచ్చి, చేయి ఎత్తకుండా ఒకే గీతతో అన్ని చుక్కలనూ చుట్టి మొదలైన చోటికి రాగలరేమో ప్రయత్నించమనండి. మెలికల ముగ్గులో మెలిక ఎక్కడ తిరగాలో చూసుకుంటూ ఉన్నంతసేపు రేపటి పరీక్షను తలచుకునే తీరిక మనసుకు ఉండదు. గీత తప్పితే చెరిపి మళ్లీ వేయవచ్చు. ఆత్రుత ఎక్కువగా ఉండే పిల్లలకు, తెల్లకాగితం చూస్తేనే భయపడే పిల్లలకు ముగ్గులోని ఈ కట్టుబాటు ఆసరా అవుతుంది. కొన్ని వారాల తర్వాత అదే చుక్కల మీద సొంత ముగ్గు కట్టమనండి.

బంకమట్టి ఇందుకు పూర్తిగా భిన్నం. దాన్ని పిసకవచ్చు, నేలకు కొట్టవచ్చు, చేసినదాన్ని ముద్దచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కోపం లోపల పెట్టుకుని తిరిగే పిల్లలకు ఇది నచ్చుతుంది. మట్టి ఇచ్చిన రోజు “ఏం చేయాలి సార్” అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వకండి. మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకుని మట్టిని చేతుల్లో తిప్పమనండి, తర్వాత ఏదో ఒక ఆకారం దానంతట అదే వస్తుంది.

“మాకు కళ రాదు” అనే పిల్లలకు ఒక విషయం చెప్పవచ్చు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది పెద్దవారికి రంగుపెన్నులు, మట్టి, కత్తిరించి అతికించుకునే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను కొలిస్తే దాదాపు 75 శాతం మందిలో తగ్గింది, అంతకుముందు కళలో అనుభవం ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా కనబడలేదు. అది చిన్న అధ్యయనమే, అందులో ఉన్నది పెద్దవాళ్లే. మిగిలిన పావు వంతు మందిలో తగ్గలేదన్నది కూడా నడిపేవారు గుర్తుపెట్టుకోవాలి. బొమ్మ గీయడం అందరికీ పడదు. పడనివారిని బలవంతం చేయకండి.

రాత

రాతను జాగ్రత్తగా వాడాలి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన అధ్యయనంలో కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున తమను కలచివేసిన సంఘటనల గురించి రాశారు. జరిగినదీ అప్పటి తమ మనఃస్థితీ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, మరింత బరువెక్కింది. మనకు పనికొచ్చే పాఠం ఈ రెండో భాగంలోనే ఉంది. రాసిన వెంటనే పిల్లలను స్టడీ అవర్‌కు తోలేయకూడదు. పది, పదిహేను నిమిషాలు రాయించి, ఆ తర్వాత కనీసం అరగంట పాటో ముగ్గో నడిచేలా చూసుకోండి.

అంశం ఎంపిక కూడా ముఖ్యమే. “నీ జీవితంలో అతి బాధాకరమైన సంఘటన రాయి” అని అడగకండి, ఆ లోతుకు దిగే పని మనది కాదు. “మా ఇంట్లో వంటగది వాసన”, “ఇప్పుడు నా చేతులు మాట్లాడితే ఏమంటాయి”, “నేను ఎవరికీ పంపని ఉత్తరం” వంటివి ఇస్తే ఎంత లోతుకు వెళ్లాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. అక్షరదోషాలు దిద్దవద్దు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఇంటి యాస ఏదైనా సరే అనండి. చదువంతా ఇంగ్లీషు మాధ్యమంలో సాగుతున్న పిల్లలకు అమ్మతో మాట్లాడే భాషలో రాసుకోవడం చాలా కాలంగా తప్పిపోయిన సంగతి. చదివి వినిపించమని అడగవద్దు. ఎవరికైనా చదవాలనిపిస్తే చదువుతారు. చించేయాలనిపిస్తే చించేసుకోనివ్వండి.

నాటకం: ఆదివారం ఫోను, పక్కన కేతిగాడు

బృందం కుదురుకున్నాక, అంటే రెండు మూడు నెలలు గడిచాక నాటకానికి రండి. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ రూపొందించిన ఫోరం నాటక పద్ధతి ఈ వయసుకు బాగా సరిపోతుంది. అందులో ఒక చిక్కు పరిస్థితిని పరిష్కారం లేకుండా ఆడి చూపిస్తారు. రెండోసారి ఆడేటప్పుడు చూసేవారిలో ఎవరైనా “ఆగండి” అని ఆపి, ఇరుక్కున్న పాత్ర స్థానంలో తాము నిలబడి వేరేలా మాట్లాడి చూస్తారు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి బృందం గ్రామాల్లో ఇదే పద్ధతిలో పనిచేస్తోంది.

దీనికి మన తోలుబొమ్మలాట నుంచి ఒక పాత్రను తెచ్చి కలపమని నా సూచన. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ తమ గంభీరమైన మాటలు చెప్పుకుంటుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు అనే హాస్యపాత్రలు వచ్చి, ఎవరూ అనలేని మాటలను బాహాటంగా అనేస్తారు. అలాంటి కేతిగాడిని ఒక్కో పాత్ర పక్కన నిలబెట్టండి. పాత్ర పైకి చెప్పేది చెబుతుంది, కేతిగాడు దాని మనసులో ఉన్నది చెబుతాడు.

ఉదాహరణకు వసతిగృహంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సన్నివేశాన్ని తీసుకోండి. ఆదివారం, ఆఫీసు గది ఫోను దగ్గర వరుస, ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు.

“అన్నం తిన్నావా అమ్మా?”
“తిన్నా నాన్నా.”
కేతిగాడు: “రెండు ముద్దలు తిని చేయి కడిగేశా.”
“ఈ వారం ఎన్నొచ్చాయి?”
“ఫిజిక్స్‌లో కొంచెం తగ్గాయి నాన్నా.”
కేతిగాడు: “ప్రశ్నపత్రం చూడగానే చేతులు వణికాయి. అది చెబితే అమ్మకు ఆ రాత్రి నిద్ర ఉండదు.”
“తగ్గితే ఎట్లా, కష్టపడాలి గదా.”
ఇక్కడ తండ్రి పక్కనున్న కేతిగాడు అందుకోవాలి: “గొంతు నీరసంగా ఉంది. ఏమైందని అడిగితే ఏడుస్తుందేమో. మార్కుల సంగతైతే అడగడం తెలుసు.”
“సరే నాన్నా. వెనక వరుస ఉంది, పెట్టేస్తున్నా.”

తండ్రి మనసును పిల్లలే ఊహించి పలకడం ఈ ఆటలో అన్నిటికంటే విలువైన ఘట్టం. దాన్ని తొందరపెట్టకండి. తర్వాత సన్నివేశాన్ని మళ్లీ మొదలుపెట్టి, ఎక్కడ ఆపి ఏ మాట మార్చవచ్చో ప్రయత్నించమనండి. “నాన్నా, మార్కుల సంగతి తర్వాత చెబుతా, ముందు ఇంకో మాట వినండి” అన్న ఒక్క వాక్యం నోటికి అలవాటు కావడానికి ఐదారుసార్లు ఆడవలసి రావచ్చు. ఆడినన్నిసార్లూ పిల్లలు వేరువేరు దారులు కనిపెడతారు. అక్కను మధ్యలోకి తెచ్చుకోవడం, ఫోనుకు ముందే ఒక చీటీ రాసుకోవడం, అమ్మతో మాట్లాడతానని అడగడం లాంటివి వాళ్ల నుంచే రావాలి. ఏది సరైనదో మీరు తీర్పు చెప్పకండి, “ఇలా అంటే నాన్న ఏమంటారు?” అని మాత్రం అడిగి, మళ్లీ ఆడించండి.

నాటకానికి కొన్ని కచ్చితమైన హద్దులు పెట్టుకోవాలి. ఎవరూ తమ పాత్రను, తమ ఇంటి కథను ఆడకూడదు. పాత్రలకు కల్పిత పేర్లు పెట్టాలి. కళాశాలలో పనిచేసే ఏ వ్యక్తినీ అనుకరించకూడదు. ఆత్మహత్యను, తనను తాను గాయపరచుకోవడాన్ని ఆడి చూపించడానికి ఏ పరిస్థితిలోనూ అనుమతించవద్దు. ఎవరైనా అలాంటి కథ తెస్తే నాటకాన్ని అక్కడే నిలిపి, ఆ పిల్లతో విడిగా కూర్చోవాలి. ఆట ముగిశాక పాత్ర వేసినవారు చేతులు, భుజాలు దులుపుకుని, తమ అసలు పేరు గట్టిగా చెప్పి, వెళ్లి చాప మీద కూర్చోవాలి. చూడటానికి ఇది చిన్న తంతులా ఉంటుంది, కానీ ఆ తండ్రి పాత్ర మోసిన బరువును ఎవరూ తమ గదికి పట్టుకుపోకుండా ఇది కాపాడుతుంది.

బొమ్మను చూసి ఏమనాలి

నల్లరంగు వాడితే దిగులు, తలుపు లేని ఇల్లు గీస్తే ఒంటరితనం అంటూ తిరిగే వ్యాఖ్యానాలను నమ్మకండి. ఒక బొమ్మలోని ఒక గుర్తును చూసి ఒక మనిషి మానసిక స్థితిని నిర్ణయించడానికి గట్టి శాస్త్రీయ ఆధారం లేదు. మిగిలిన పాస్టెళ్లు అరిగిపోయినందుకే ఆ పిల్లవాడు నలుపు తీసుకుని ఉండవచ్చు. అలాగే “చాలా బాగుంది”, “వెరీ గుడ్” అనడం కూడా మానుకోవాలి. అది మెప్పులా కనిపించినా మార్కే, వచ్చేవారం ఆ మార్కు కోసమే గీయడం మొదలవుతుంది. కనిపించినదాన్ని కనిపించినట్టు చెప్పండి: “ఇక్కడ గీత చాలా గట్టిగా పడింది”, “ఈ మూల ఖాళీగా వదిలావు.” తర్వాత “దీని గురించి ఏమైనా చెబుతావా?” అని అడగండి. “ఏం లేదు” అంటే సరేనని పక్కకు వెళ్లండి. రెండు నిమిషాలు పక్కన మౌనంగా కూర్చోవడం చాలాసార్లు ప్రశ్నకంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇతరులకు అప్పగించవలసిన సమయం

ఏ కళ మొదలుపెట్టకముందే, అత్యవసర సమయంలో ఎవరిని పిలవాలో రాసిన కాగితం మీ ఫైలులో ఉండాలి. అందులో కళాశాల కౌన్సెలర్ ఫోను, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉండే రోజులు, దగ్గరి అత్యవసర విభాగం చిరునామా ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలపై హింసకు సంబంధించి 1098 ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నం చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతినడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, “నేను అందరికీ భారం” అన్న ధోరణిలో మాట్లాడటం లేదా రాయడం, ప్రియమైన వస్తువులను పంచిపెట్టడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం కనబడితే ఆలస్యం చేయవద్దు. విడిగా కూర్చోబెట్టి, సూటిగా అడగండి: “చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా, నాన్నా?” అలా అడిగితే లేని ఆలోచనను మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు, అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఉపదేశం చేయకండి, తల్లిదండ్రుల త్యాగాలను గుర్తుచేయకండి. ఒంటరిగా వదలకుండా, పక్కనుండే 14416కు ఫోను చేసి, కౌన్సెలర్‌నూ ఇంటివారినీ పిలిపించి, అవసరమైతే ఆసుపత్రికి వెంట వెళ్లండి. లైంగిక హింస జరిగిందని తెలిస్తే, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. సంస్థ పరువు అన్న మాట అక్కడ చెల్లదు.

పరీక్షల నెలలు, ఆ తర్వాత

జనవరి వచ్చేసరికి ప్రాక్టికల్స్, జేఈఈ మెయిన్, ఆ వెనకే ఫిబ్రవరి, మార్చిలలో పబ్లిక్ పరీక్షలు వరుస కడతాయి. కళల పూటను ఆపేయాలన్న ఒత్తిడి అప్పుడే ఎక్కువవుతుంది, పిల్లలకు దాని అవసరం కూడా అప్పుడే ఎక్కువ. డెబ్బై ఐదు నిమిషాలను నలభైకి తగ్గించండి కానీ ఆపకండి. ఆ నెలల్లో రాత, నాటకం పూర్తిగా పక్కనపెట్టి చెక్కభజన, ముగ్గు, మట్టి మాత్రమే ఉంచండి. కొత్తగా ఏ గాయాన్నీ కదిలించే సమయం కాదది.

ఏడాది చివర ఎవరి ఫైలు వారికి ఇచ్చేయండి. వాటిలోంచి ప్రదర్శన పెడదామని ప్రిన్సిపాల్ గారు అడిగితే, విద్యార్థి తానుగా ఎంచి ఇచ్చిన బొమ్మనే, తను కోరితే పేరు లేకుండానే పెట్టండి. ఎవరూ తీసుకువెళ్లని కాగితాలను పాత పేపర్ల వాడికి వేయకుండా చించి పారేయండి.

ఏప్రిల్‌లో ఫలితాలు వెలువడే రోజున పిల్లలు ఇళ్ల దగ్గర ఉంటారు, కళాశాలలో మనం ఉన్నా వాళ్లకు అందుబాటులో ఉండం. అందువల్ల సెలవులకు వెళ్లేముందే తల్లిదండ్రుల అనుమతితో ఫోను నంబర్లు రాసుకుని, బృందంలోని అందరికీ ఫలితాల రోజునే ఒకసారి, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి ఫోను చేయండి. మార్కులు అడగకండి. “ఎలా ఉన్నావు, పక్కన ఎవరున్నారు, అన్నం తిన్నావా” అని అడగండి. తప్పినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఆ వేసవిలోనే ఉంటాయనీ, ఏడాది పోదనీ చెప్పండి. మాట పొడిపొడిగా వస్తే ఫోను అమ్మకో నాన్నకో ఇవ్వమని, ఆ రాత్రి ఆ పిల్లను ఒంటరిగా పడుకోనివ్వవద్దని వారికి నేరుగా చెప్పి, 14416 నంబరు రాసుకోమనండి.